ఒక్క వరుస మొక్కలతో సరిపెట్టొద్దు

సంపాదకులకు,

మేముండేది జీడిమెట్ల పారిశ్రామికవాడ పక్క కాలనీలో. ఫ్యాక్టరీల ప్రహరీకీ మా ఇళ్లకీ మధ్య నలభై అడుగుల ఖాళీ జాగా ఉంది. అక్కడ చెట్లు పెంచాలా, పార్కింగ్‌కి ఇవ్వాలా అని మొన్న ఆదివారం కాలనీ మీటింగ్‌లో రెండు గంటలు వాదించుకున్నాం. నా ఓటు చెట్లకే. పొద్దున డాబా మీద ఆరేసిన తెల్ల పంచెను సాయంత్రం దులిపితే బూడిదరంగు పొడి రాలుతుంది. మా ఆవిడ వడియాలు పెట్టడం మానేసి మూడేళ్లయింది.

అలాగని త్వరగా పచ్చబడుతుంది కదా అని ఒక వరుస కోనోకార్పస్ నాటి చేతులు దులుపుకుంటామంటే ఒప్పుకోను. హరితహారంలోనే దాన్ని వద్దన్నారు. ఇళ్ల వైపు గుబురు పొదలు, వాటి వెనక కానుగ, వేప, నేరేడు పెట్టాలి. కింది నుంచి పైదాకా ఆకు ఉంటేనే దుమ్ము ఆగుతుంది. రావి, మర్రి మాత్రం వద్దు, వేళ్లు గోడను చీలుస్తాయి.

రాత్రి పదకొండు దాటాక వచ్చే ఘాటు కెమికల్ వాసన చెట్లకు లొంగదు. దాన్ని ఫ్యాక్టరీలోనే ఆపాలి. చెట్లున్నాయి కదా అని తనిఖీలు తగ్గిస్తారేమోనని నా టెన్షన్.

ఎండాకాలం నీళ్లెవరు పోస్తారో మొక్కలు తెచ్చేముందే కాగితం మీద రాయాలి. పోయినసారి నాటినవాటిలో బతికింది మా గేటు ముందు కానుగ ఒక్కటే, అదీ మా మనవడు రోజూ బకెట్ నీళ్లు పోయబట్టి.

– ఒక రిటైర్డ్ ఫిట్టర్, జీడిమెట్ల, హైదరాబాద్