బాంజో మొదటి మూడు కార్డులు: ఇంటి సాధనలో ఏం వినాలి

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ టర్మ్‌లో సంగీతం క్లాసు పిల్లలు ఐదు తీగల బాంజో మీద మొదటి కార్డులు (ఒకేసారి కలిపి పలికే స్వరాల గుంపులు) నేర్చుకుంటున్నారు. (మీటలు నొక్కి వాయించే బుల్బుల్ తరంగ్‌నూ బాంజో అంటుంటారు. ఇది వేరు.) పక్కన కూర్చునే పెద్దవాళ్లకు సంగీతం రాకపోయినా ఫర్వాలేదు, ఏం వినాలో తెలిస్తే చాలు.

ముందు శ్రుతి. వాద్యం ఒళ్లో పెట్టుకున్నప్పుడు నేలవైపు ఉన్న తీగ ఒకటోది. అక్కణ్ణుంచి పైకి వరసగా డి, బి, జి, మందపాటి డి (ఇవి పాశ్చాత్య స్వరాల పేర్లు). ఐదోది పొట్టి తీగ. దాన్ని బిగించే మర మెడ పక్కన, ఐదో ఫ్రెట్ (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీ, దాని వెనక గడి) దగ్గర ఉంటుంది. అది హెచ్చు స్థాయి జి. ట్యూనర్‌లో (శ్రుతి చూపే పరికరంలో) అక్షరం సరిపోయినా స్థాయి తప్పవచ్చు, ఆ తికమకలో మర బిగించీ బిగించీ తీగ తెంపేస్తారు. అందుకే ఒకటో తీగను ఐదో ఫ్రెట్‌లో నొక్కి మీటి చూడాలి. ఏమీ నొక్కకుండా మీటిన ఐదో తీగ కూడా అదే స్వరం పలకాలి.

శ్రుతి కుదిరాక, ఎడమచేయి అసలు పెట్టకుండా మీటితే వచ్చేదే జి కార్డ్. మొదటిరోజే నిండైన కార్డ్ పలకడం ఈ వాద్యం పిల్లలకిచ్చే గొప్ప వరం. రెండు మూడు రోజులు దీంతోనే కుడిచేతి లయ కుదుర్చుకోనివ్వండి.

సి కార్డ్‌కు మూడు వేళ్లు కావాలి. చూపుడు వేలు రెండో తీగ ఒకటో ఫ్రెట్‌లో, నడిమి వేలు నాలుగో తీగ రెండో ఫ్రెట్‌లో, ఉంగరపు వేలు ఒకటో తీగ రెండో ఫ్రెట్‌లో. మూడో కార్డ్ డి7కు చూపుడు వేలు అక్కడే ఉంటుంది, నడిమి వేలు మూడో తీగ రెండో ఫ్రెట్‌కు జరుగుతుంది, ఉంగరపు వేలు లేస్తుంది. అంతే.

పిల్లలు తడబడేది సరిగ్గా ఇక్కడే. సి నుంచి డి7కు మారేటప్పుడు మూడు వేళ్లూ ఒక్కసారి ఎత్తేసి, మళ్లీ మొదటినుంచి వెతుక్కుంటారు. చూపుడు వేలు కదలకూడదు. నాలుగు దెబ్బలు సి, నాలుగు దెబ్బలు డి7, మెట్రోనోమ్ (లయ కొట్టే పరికరం) 60 మీద, అంటే నిమిషానికి 60 దెబ్బలు. మార్పు దగ్గర లయ ఆగుతోందంటే 50కి తగ్గించండి. మార్పు తేలికయ్యాకే జి కలపాలి. ఇంకొక మాట: ఐదో తీగ జి స్వరం డి7లో లేదు, కాబట్టి ఆ కార్డ్‌కు నాలుగో తీగ నుంచే మీటాలి. సికి, జికి ఐదు తీగలూ మీటవచ్చు.

కార్డ్ పట్టాక తీగలను ఒక్కొక్కటిగా మీటించండి. డి7లో ఒకటో తీగ మొద్దుగా పలికితే, చూపుడు వేలు వాలి దాన్ని తాకుతోందన్నమాట. వేలి కొనతో నొక్కి, కణుపు వంచితే తీగ విడుదలవుతుంది. గోరు పెరిగితే అలా వంచడం కుదరదు. తీగ జరజరమంటే వేలు ఫ్రెట్ కడ్డీకి దూరంగా ఉంది, కడ్డీకి ఆనుకుని వెనకగా పెట్టాలి. శ్రుతి బాగున్నా కార్డ్ అపస్వరంగా ఉంటే బలం ఎక్కువైందేమో చూడండి. ఈ సన్న తీగలను గట్టిగా నొక్కితే స్వరం పైకి జరుగుతుంది.

రోజుకు పది నిమిషాలు, రెండు విడతలుగా చాలు. స్టీలు తీగలకు వేలికొనలు మొదట్లో నొప్పెడతాయి. నొప్పి మొదలైతే ఆపించండి, బొబ్బలు వస్తే మానేదాకా ఎడమచేతికి సెలవు.

చివరగా బ్రిడ్జి, అంటే తీగలు ఆనుకునే చిన్న చెక్క ముక్క. దాన్ని అంటించరు, తీగల బిగువే నిలబెడుతుంది. అందుకే తీగలన్నీ ఒకేసారి వదులు చేయకండి, మార్చాల్సి వస్తే ఒక్కొక్కటిగా మార్చండి. బ్రిడ్జి జరిగిందనిపిస్తే మెడ చివర తీగలు ఆనే నట్ (చిన్న పట్టీ) నుంచి పన్నెండో ఫ్రెట్‌కు ఎంత దూరమో, అక్కణ్ణుంచి బ్రిడ్జికి దాదాపు అంతే ఉండాలి. టేపుతో కొలిచి చూడండి. తేడా ఉంటే సర్దబోకుండా వాద్యాన్ని పిల్లలతో బడికి పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయులు