ఫల్టణ్ మజిలీ నుంచి అమ్మ

బిడ్డా,

ఆశీస్సులు. పండరిపురం నడిచివెళ్లే మా పల్లకీ ఈ సాయంత్రం ఫల్టణ్ చేరింది. డేరాలో నా పక్క పరచుకున్నాను, తడిచీర తాడు మీద వేశాను. ఇక తెల్లవారుజాము దాకా నాకు పనేమీ లేదు. మొన్న ఫోన్లో “కాసేపు కూర్చోవడానికైనా తీరిక ఉంటుందా అమ్మా?” అని అడిగావు. చుట్టూ తాళాల మోత, నా జవాబు నీకు వినబడలేదు. ఉంటుంది బిడ్డా. నడక కంటే ఆ కూర్చోవడం గురించే నీకు ఎక్కువ చెప్పాలని ఉంది.

మరాఠీ సంతుకవి జ్ఞానేశ్వర మహారాజు పాదుకలు పల్లకీలో జ్యేష్ఠ బహుళ అష్టమి నాడు ఆళందిలో బయలుదేరి, ఆషాఢ శుద్ధ ఏకాదశికి, అంటే మన తొలి ఏకాదశికి, పండరిపురం చేరతాయి. దారి దాదాపు 250 కిలోమీటర్లు. పుణెలో బస్సెక్కితే ఒక్క పూట ప్రయాణం. కాలినడకన కూడా, గట్టిగా నడిచేవాళ్లు వారంలో ముగించగలరు. పల్లకీకి మాత్రం రెండు వారాలు దాటుతుంది, ఎందుకంటే అది ఆగుతూ వెళుతుంది. పొద్దున ఒక విసావా, అంటే కాసేపటి విశ్రాంతి, మధ్యాహ్నం నైవేద్యానికి ఒకటి, ఎండ తగ్గేవేళ మరొకటి, రాత్రికి మకాం. ఏ ఊళ్లో ఎక్కడ దించాలో ముందే నిర్ణయమై ఉంటుంది. పల్లకీ దిగగానే మా దిండీలో అందరం కూర్చుంటాం. అలసినవాళ్లూ అలవనివాళ్లూ అని తేడా లేదు. దిండీ అంటే కలిసి నడిచే భజన జట్టు. ఒక్కోదానికి ఒక్కో సంఖ్య, పల్లకీని మోసే రథానికి ముందో వెనకో దాని చోటు దానిదే. ఈ కట్టుబాటంతా 19వ శతాబ్దంలో హైబత్‌బాబా ఆర్ఫళ్‌కర్ అనే భక్తుడు ఏర్పరచాడని చెబుతారు. ఆయన గ్వాలియర్ సింధియాల కొలువులో పనిచేసినవాడు. మనిషి కాళ్లు ఎంత దూరానికి అలసిపోతాయో ఆ కొలువులోనే నేర్చుకుని ఉంటాడని నాకు అనిపిస్తుంది.

మధ్యాహ్నం విసావా ఎలా ఉంటుందో చెబుతాను. దారిపక్కన వేపచెట్లో చింతతోపో ఉంటే అదృష్టం. లేకపోతే మా దిండీ లారీ నీడే చాలు. మొదట చెప్పులు విప్పుతాం. వేళ్ల సందుల్లోని ఇసుక దులిపి, చెంబుడు నీళ్లు పాదాల మీద పోసుకుని, కొంగుతో తుడుచుకుంటాం. పొద్దున్నుంచి చెప్పుల్లో ఉన్న పాదానికి గాలి తగిలినప్పుడు ఉండే సుఖం నాకు ఇన్నేళ్లలో తెలియదు. ఇంట్లో చెప్పులు విప్పి లోపలికి రావడం రోజూ చేసే పనే కదా, దాన్ని ఎవరు గమనిస్తారు? ఆ తర్వాత వెన్ను నేలకు ఆనించి పడుకుంటాం. కాళ్లు మాత్రం మూట మీద ఎత్తి పెట్టుకోవాలి. మా దిండీలోని భైంసా పిన్ని మొదటిరోజే నేర్పింది. పైన ఆకులు కదులుతుంటాయి. పక్కనెవరో మెల్లగా అభంగం, అంటే మరాఠీ భక్తిపాట, కూనిరాగం తీస్తుంటారు. నిద్ర ఎప్పుడు పడుతుందో తెలియదు.

మొన్న పుణె నుంచి వచ్చిన కాలేజీ పిల్లలు కొందరు నూనె గిన్నెలతో వరుసగా అందరి కాళ్లూ ఒత్తుకుంటూ వచ్చారు. నా వంతు వచ్చేసరికి కాళ్లు లోపలికి ముడుచుకున్నాను. నీకంటే చిన్నవాడు నా పాదాలు పట్టుకోవడమేమిటి అనిపించింది. అతను ముందు నా కాళ్లకు దణ్ణం పెట్టి “మావులీ” అన్నాడు. ఇక్కడ అందరినీ అందరూ అలాగే, అమ్మ అని పిలుస్తారు. పెద్దవాళ్లు చిన్నవాళ్ల కాళ్లకు మొక్కుతారు, చిన్నవాళ్లు పెద్దవాళ్లకు మొక్కుతారు. తప్పించుకునే దారి లేక కాళ్లు చాపాను. పిక్కల దగ్గర అతని బొటనవేళ్లు నొక్కిన చోట నొప్పి ముందు పెరిగింది, తర్వాత ఒక్కసారిగా వదిలేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అతను లేచి పక్కామె దగ్గరికి వెళ్లాడు; కనీసం ఏం చదువుతున్నావని కూడా అడగలేకపోయాను.

తిండి సంగతి నీకు దిగులు వద్దు. దారిపొడవునా ఊళ్లవాళ్లు పెడుతూనే ఉంటారు. మనం తినే జొన్నరొట్టెనే వీళ్లు భాకరీ అంటారు. దాంతో శెనగపిండితో వేడివేడిగా చేసిన పిఠ్లా, పచ్చిమిరపకాయ వెల్లుల్లి దంచిన ఠేచా, పచ్చి ఉల్లిగడ్డ. నీకు తెలుసు కదా, ఇంట్లో నేను రెండు రొట్టెలకు మించి తినను. ఇక్కడ మూడోది అడిగి వేయించుకుంటున్నాను. దివే ఘాట్ అనే కొండదారి ఎక్కింది జ్యేష్ఠ బహుళ ఏకాదశి నాడు. పుణె నుంచి సాస్వడ్ దాకా అన్నిటికన్నా పొడవైన నడక, పైగా ఉపవాసం. రథానికి అదనంగా ఎద్దుల జతలు కట్టి ఘాట్ ఎక్కించారు. సగం కొండ దగ్గర వాన మొదలైంది. తల మీద తులసికోట పెట్టుకున్న ఆడవాళ్లు చేయి కూడా వేయకుండా ఆ వానలో ఎక్కుతున్నారు. పైన ఒకాయన చేతిలో పెట్టిన సగ్గుబియ్యం ఖిచిడీ, అరటిపండు, గ్లాసెడు టీ తీసుకుని, బండరాయి మీద కూర్చుని తిన్నాను. కింద లోయ అంతా కాషాయ జెండాలు.

సాస్వడ్‌లో రెండు రాత్రులు మకాం. ఆ మధ్య రోజంతా బట్టలుతుక్కోవడం, ఆరేసుకోవడం, నిద్ర. ఎండలో ఆరిన చీర మడతపెట్టి తల కింద పెట్టుకుని పడుకున్నాను.

కష్టాలు లేవని రాస్తే అబద్ధమవుతుంది. రాత్రి మూడు గంటలకే టాంకర్ దగ్గర చన్నీళ్ల స్నానం. మరుగుదొడ్ల దగ్గర వరుస. ఆడవాళ్లకు ఇది నిజంగా ఇబ్బంది, పొద్దుపోయాక మరీను. కుడికాలి మడమ మీద బొబ్బ లేచి పగిలింది, ఇప్పుడు మానుతోంది. ఒక రాత్రి డేరా కారి సగం మందిమి కూర్చునే తెల్లవార్చాం. అయినా మూడు గంటల స్నానం తర్వాత పొడిబట్ట కట్టుకుని, చీకట్లో స్టీలు గ్లాసు రెండు చేతులతో పట్టుకుని టీ తాగే ఆ కాసేపటి కోసం నేను రోజూ ఎదురుచూస్తున్నాను.

జెజురిలో ఖండోబా భక్తులు పల్లకీ మీద పసుపు గుప్పించారు. మన కొమురవెల్లి మల్లన్న దగ్గర బండారి అంటాం చూడు, ఇక్కడ భండారా. నా తెల్లచీర అంచు ఇంకా పచ్చగానే ఉంది. అక్కడి నుంచి వాల్హేకు చిన్న నడక. నీరా నదిలో పాదుకలకు స్నానం చేయించారు. మేమూ మోకాలిలోతు దిగాం.

చాందోబాచా లింబ్ అనే చోట మాత్రం నువ్వు నా పక్కన ఉండాల్సింది. దిండీలన్నీ దారికి రెండువైపులా బారులు తీరి నిలబడ్డాయి. మధ్యలో రెండు గుర్రాలు పరుగెత్తుకుంటూ వచ్చాయి. ఒకదాని మీద మనిషి ఉన్నాడు, రెండోదాని మీద ఎవరూ లేరు. అది మావులీ గుర్రం. జ్ఞానేశ్వరుడే దాని మీద ఉన్నాడని నమ్మకం. అవి బెళగావి వైపున్న అంకలి నుంచి శితోళే సర్దారుల ఇంటివాళ్లు తరతరాలుగా పంపుతున్న గుర్రాలు. పరుగు అయ్యాక డెక్కల కింది మట్టి అందరూ నుదుటికి రాసుకున్నారు. ఆ తర్వాత మొదలైంది ఆట! భైంసా పిన్ని నా రెండు చేతులూ పట్టుకుని గిర్రున తిప్పింది. మన ఒప్పులకుప్పే, వీళ్లు ఫుగడీ అంటారు. నా చిన్నప్పుడు మా వాకిట్లో ఆడాక మళ్లీ ఇదే. కొప్పు ఊడిపోయింది, ఊపిరి అందలేదు, నవ్వు ఆగలేదు. చుట్టూ డెబ్బై ఏళ్లవాళ్లు కూడా తిరుగుతున్నారు. ఇన్ని కిలోమీటర్లు నడిచినవాళ్లకు ఆడే ఓపిక ఎక్కడిదని అడుగుతావేమో. ఆడాక అలసట తగ్గింది బిడ్డా, నా ఒంటితో చూశాను.

సాయంత్రం మకాంలో సమాజ హారతి ఉంటుంది. వేల తాళాలు ఒక్కటిగా మోగుతుంటాయి. చోప్‌దార్, అంటే పల్లకీ క్రమం చూసే దండధారి, దండం పైకెత్తుతాడు. అంతే, ఒక్కసారిగా అన్నీ ఆగిపోతాయి. ఏదైనా దిండీకి ఫిర్యాదు ఉంటే వాళ్లు మాత్రం తాళాలు ఆపరు. ఎవరో వెళ్లి వాళ్ల మాట విని సర్దుబాటు చేస్తారు. తర్వాత పోయినవీ దొరికినవీ చదువుతారు. మొన్న ఎవరిదో ముక్కుపుడక దొరికిందని చదివారు. ఇన్ని లక్షల కాళ్ల కింద ముక్కుపుడక దొరకడం, దొరికినవాళ్లు తెచ్చి ఇవ్వడం! ఆ రాత్రి నేను చాలా హాయిగా పడుకున్నాను.

మా దిండీలో సోలాపూర్ వైపు నుంచి ఒక అక్క ఉంది. తొలకరికి విత్తనం వేసి, ఇల్లు కోడలికి అప్పగించి వచ్చింది. మొదటిరోజు పంక్తిలో కూర్చున్నప్పుడు తన ముందు విస్తరి వేసి అన్నం వడ్డించేదాకా ఆమె చేతులు ఊరికే ఉండలేదు. పక్కవాళ్ల నీళ్ల గ్లాసులు సర్దుతూనే ఉంది. ఇప్పుడు అలా లేదు. మఠం వేసుకుని కూర్చుంటుంది, వడ్డించేవాడితో పులుసు ఇంకొంచెం పోయమంటుంది. ఏడాదిలో తనకు ఇంకొకరు వండిపెట్టేది ఈ కొన్ని రోజులేనని చెప్పింది. ఆమె తింటుంటే చూడటం నాకు పండగలా ఉంటుంది.

ఇక నీ దగ్గరికి వస్తాను. ప్రతి దిండీలోనూ ఒక వీణ ఉంటుంది. దాన్ని నేల మీద పెట్టరు. మేమంతా పడుకున్నా, తింటున్నా అది ఎవరో ఒకరి భుజాన ఉంటుంది. మా దిండీలో దాన్ని పట్టే పెద్దాయనకు ఎనభైకి దగ్గర వయసు. మొదట్లో, పాపం ఈయన ఎప్పుడు పడుకుంటాడా అని బాధపడేదాన్ని. తర్వాత చూశాను. విసావా రాగానే ఇంకొకాయన వచ్చి ముందు వీణకు, తర్వాత ఆయనకు మొక్కి, దాన్ని తన భుజానికి తగిలించుకుంటాడు. పెద్దాయన ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడడు. నేరుగా వెళ్లి నీళ్లు తాగి, కండువా మొహం మీద కప్పుకుని నిద్రపోతాడు. వీణ కింద పడుతుందని గానీ, తనలా ఇంకొకరు పట్టలేరని గానీ ఆయనకు బెంగ లేదు.

నాకు నీ వార్డు గుర్తొచ్చింది. డ్యూటీ ముగిసిన రెండు గంటల తర్వాత కూడా నువ్వు అక్కడే ఉంటావు. తర్వాత వచ్చిన అమ్మాయి కూడా నీలాగే చదువుకున్నదే కదా. నువ్వు అన్నం నిలబడి తింటున్నావని నాన్న చెప్పాడు, ఒక్కోరోజు అదీ లేదట. నీ రోగుల మీద నీకున్న ప్రేమ నాకు తెలుసు, గర్వం కూడా. కానీ బిడ్డా, అప్పగించి వచ్చెయ్యి. కాగితాల మీద రాసి, నోటితో చెప్పి, అప్పగించి వచ్చెయ్యి. బిస్కెట్ తిన్నా సరే, కుర్చీలో కూర్చుని తిను. ఇంటికి వచ్చాక ఫోను చూస్తూ కాకుండా, కాళ్ల మీద నీళ్లు పోసుకుని పది నిమిషాలు ఊరికే పడుకో. ఇది అమ్మ అడుగుతున్నది.

నాకు బూట్లు పంపుతానన్నావు, వద్దు. నా పాత చెప్పులే కాళ్లకు అలవాటయ్యాయి. తెగిన పట్టీని లోణంద్‌లో దారిపక్కన కూర్చున్న ఒకాయన కుట్టిచ్చాడు, ఎంత బతిమాలినా డబ్బు తీసుకోలేదు. నాన్న బీపీ మాత్రలు అల్మారా రెండో అరలో ఉన్నాయి, గుర్తుచెయ్యి. పండరిలో రద్దీలో ఫోను పనిచేయకపోవచ్చు, కంగారుపడకండి. పండరికి ముందు మజిలీ వాఖరీ చేరగానే నేనే చేస్తాను. నువ్వు డ్యూటీలో ఉంటే ఎత్తకు, కూర్చున్నాక చెయ్యి.

అమ్మ