ఒకే గదిలో సేయర్స్, పిక్కోలో

షికాగో

నాన్నగారికి నమస్కారాలు.

మొన్న ఫోన్‌లో "అక్కడ నల్లవాళ్లకీ తెల్లవాళ్లకీ ఇప్పటికీ పడదంటగా, టీవీలో చూపిస్తున్నారు" అన్నారు. అప్పుడు ఏదో చెప్పి ఊరుకున్నాను గానీ, దానికి అవుననో కాదనో ఒక్క ముక్కలో జవాబు లేదు. ఈ ఊళ్లోనే నల్లవాళ్లు ఎక్కువగా ఉండే పేటలు, తెల్లవాళ్లు ఎక్కువగా ఉండే పేటలు ఇప్పటికీ విడివిడిగా కనిపిస్తాయి. పగలంతా ఆఫీసుల్లో కలిసి పనిచేసినవాళ్లు సాయంత్రం రైలెక్కి చెరో దిక్కుకీ వెళ్లిపోతారు. అది మీకు తెలియనిది కాదు, మన ఊళ్లోనూ చూసిందే. అందుకే గొడవల గురించి కాకుండా, ఈ ఊరి ఫుట్‌బాల్ జట్టులో యాభై ఏళ్లకి ముందు ఇద్దరి మధ్య కుదిరిన స్నేహం గురించి రాస్తున్నాను. అన్నేళ్లు డ్రిల్లు మాస్టారుగా పిల్లల్ని ఆడించారు కాబట్టి, ఇందులో దేనికి ఎంత విలువో నాకన్నా మీకే బాగా తెలుస్తుంది.

ఇక్కడి ఫుట్‌బాల్ మనం ఆడే ఫుట్‌బాల్ కాదు. రెండు కొసలూ కోసుగా ఉండే బంతిని చంకలో ఇరికించుకుని పరిగెత్తాలి. అలా పరిగెత్తేవాణ్ణి రన్నింగ్ బ్యాక్ అంటారు. కబడ్డీలో కూతకెళ్లినవాడి మీద అవతలివాళ్లంతా పడ్డట్టే ఇతని మీదా పడతారు. తేడా ఏమిటంటే ఇక్కడ చాలామంది నూరు కిలోల పైమాటే. జట్టులో ఆ పనికి ఒకటి రెండు స్థానాలే ఉంటాయి, వాటి కోసం ఎంతోమంది కాచుకుని ఉంటారు.

1965లో షికాగో బేర్స్ జట్టులోకి అలా ఇద్దరు వచ్చారు. ఒకరు గేల్ సేయర్స్. నల్లజాతి కుర్రాడు, నెబ్రాస్కాలోని ఒమాహాలో పెరిగాడు, కాన్సస్ యూనివర్సిటీలో ఆడి పేరు తెచ్చుకున్నాడు. కాలేజీ ఆటగాళ్లని ప్రొఫెషనల్ జట్లు వరసగా ఎంచుకునే పద్ధతి ఇక్కడ ఉంది. ఆ ఏడాది దేశం మొత్తం మీద నాలుగోవాడిగా సేయర్స్‌ని బేర్స్ తీసుకుంది. రెండోవాడు బ్రయాన్ పిక్కోలో. ఇటాలియన్ మూలాలున్న తెల్లవాడు, ఫ్లోరిడాలో పెరిగి వేక్ ఫారెస్ట్ యూనివర్సిటీలో ఆడాడు. 1964లో కాలేజీ ఆటగాళ్లందరిలో బంతితో అందరికన్నా ఎక్కువ దూరం పరిగెత్తినవాడు అతనే. అయినా ఎత్తు చాలదు, వేగం చాలదని ఏ జట్టూ అతన్ని ఎంచుకోలేదు. చివరికి బేర్స్ యజమాని, కోచ్ జార్జ్ హాలస్ పిలిచి చేర్చుకున్నాడు. మొదటి ఏడాది అతనికి ప్రాక్టీసే గానీ మ్యాచ్ లేదు.

బంతిని అవతలివాళ్ల చివరి గీత దాటిస్తే టచ్‌డౌన్ అంటారు. అదే ఏడాది సేయర్స్ 22 టచ్‌డౌన్లు చేశాడు. అప్పటికి అది రికార్డు. డిసెంబరు 12న వానకి బురద బురదగా ఉన్న రిగ్లీ ఫీల్డ్‌లో ఒక్క మ్యాచ్‌లోనే ఆరు చేశాడు. ఆ వీడియో మీకు పంపిస్తాను, తప్పకుండా చూడండి. మిగతావాళ్లు నిలబడటానికే తంటాలు పడుతుంటే, అతను గట్టి నేల మీద పోతున్నట్టు ఇటు కోసుకుని అటు తిరుగుతాడు. అలాంటివాడు జట్టులో ఉండగా అదే స్థానానికి పోటీపడే పిక్కోలోకి ఎంత కష్టంగా ఉండి ఉంటుందో ఊహించండి. ఎంత ప్రాక్టీసు చేసినా, పక్కవాడికి ఏదైనా అయితే తప్ప తన వంతు రాదు.

1967లో బేర్స్ జట్టులో ఒక మార్పు వచ్చింది. అంతకుముందు ఊరూరా మ్యాచ్‌లకి వెళ్లినప్పుడు హోటల్ గదుల్లో తెల్లవాళ్లకి తెల్లవాళ్లు, నల్లవాళ్లకి నల్లవాళ్లే జత. ఆ ఏడు ఒకే స్థానంలో ఆడేవాళ్లని ఒకే గదిలో పెట్టారు. అలా సేయర్స్, పిక్కోలో రూమ్మేట్లు అయ్యారు. బేర్స్ చరిత్రలో అలా జరగడం అదే మొదలు. ఇద్దరూ ఒక గదిలో దిగింది ఎక్కడనుకున్నారు? అలబామాలోని బర్మింగ్‌హామ్‌లో. నాలుగేళ్ల కిందటే, 1963లో, ఆ ఊళ్లో నల్లవాళ్ల చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపేశారు. షికాగో ఏమీ తక్కువ తినలేదు. 1966లో ఇళ్ల అద్దెల్లో వివక్ష మీద మార్టిన్ లూథర్ కింగ్ ఇక్కడి మార్క్వెట్ పార్క్‌లో ఊరేగింపు చేస్తే తెల్లవాళ్లు రాళ్లు రువ్వారు, ఒక రాయి ఆయన తలకే తగిలింది. ఇద్దరు ఆటగాళ్లు ఒక గదిలో పడుకోవడం వార్త అయిందంటే అలాంటి రోజులు కాబట్టే.

ఇక్కడ మీరు గుర్తొచ్చారు. టోర్నమెంట్లకి వెళ్లినప్పుడు పరాయి ఊరి బడి వరండాలో ఏ వాడ పిల్లలు ఆ వాడ పిల్లల పక్కనే చాపలు వేసుకుంటుంటే, మీరు ఆ చాపలన్నీ తీయించి, రైడర్లు ఒక వరస, క్యాచర్లు ఒక వరస అని పడుకోబెట్టేవారట కదా. అమ్మ చెప్పింది. దాని మీద ఊళ్లో కొందరు పెద్దలు మీతో చాలాకాలం మాట్లాడలేదని కూడా చెప్పింది.

సేయర్స్ మితభాషి, బిడియస్తుడు. పిక్కోలో వాగుడుకాయ, నిద్రలో తప్ప నోరు మూసేవాడు కాదు. ఇద్దరూ రంగు గురించి బాహాటంగా జోకులు వేసుకునేవారు. పేపరువాళ్లు వచ్చి, మీకే వదిలేస్తే ఎవరితో గది పంచుకుంటారని సేయర్స్‌ని అడిగారు. వేక్ ఫారెస్ట్ నుంచి వచ్చిన తెల్ల ఇటాలియన్ ఫుల్‌బ్యాకే కావాలంటే పిక్ పేరే చెప్తానన్నాడట. ఫుల్‌బ్యాక్ అంటే రన్నింగ్ బ్యాకుల్లోనే ఒక రకం. వాటిలో కొన్ని జోకులు ఈ రోజున చదివితే నాకు చివుక్కుమంటుంది, ఇప్పుడు ఎవరూ అలా మాట్లాడకూడదు కూడా. కానీ చుట్టూ అందరూ నోటితో మర్యాదగా ఉంటూ పక్కన కూర్చోవడానికి జంకే రోజుల్లో, ఆ ఇద్దరూ రంగు అనేదాన్ని దాచిపెట్టకుండా ఎదురుగా పెట్టుకుని నవ్వుకోగలిగారు. దాచుకున్న మాటల కన్నా అది నయమనిపిస్తుంది నాకు.

పిక్కోలోకి అది కొత్తగా వచ్చిన గుణం కాదు. కాలేజీలో ఉండగా, 1963లో, మేరీలాండ్ జట్టు వేక్ ఫారెస్ట్‌కి ఆడటానికి వచ్చింది. ఆ జట్టులో డారిల్ హిల్ అనే నల్లజాతి ఆటగాడు ఉన్నాడు. దక్షిణాది కాలేజీల జట్లు తమలో తాము పోటీపడే ఆ కాన్ఫరెన్స్ మొత్తంలో ఫుట్‌బాల్ ఆడిన మొదటి నల్లజాతివాడు అతనే. గ్యాలరీలోంచి నానా బూతులూ తిడుతున్నారు. పిక్కోలో నేరుగా అవతలి జట్టు వైపు వెళ్లి, హిల్‌ని వెంటబెట్టుకుని విద్యార్థులు కూర్చున్న వైపు నడిపించుకొచ్చి, వాళ్లందరి ముందూ అతని భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. అరుపులు ఆగిపోయాయి. ఈ సంగతి చాలా ఏళ్ల తర్వాత హిల్లే చెప్పాడు. పిక్కోలోకి అప్పుడు ఇరవై ఏళ్లు అటూ ఇటూ. సొంత కాలేజీవాళ్లకి ఎదురుగా, ఆట మొదలవకముందే అలా నిలబడాలంటే ఎంత ధైర్యం కావాలి!

1968 నవంబరు 10న సేయర్స్ కుడి మోకాలు విరిగినంత పనైంది. లిగమెంట్లు తెగిపోయాయి. అప్పటికి తొమ్మిది మ్యాచ్‌ల్లో 856 గజాలు పరిగెత్తి లీగ్‌లో అందరికన్నా ముందున్నాడు. అతని స్థానంలోకి ఎవరొచ్చారు? పిక్కోలో. మూడేళ్లు ఎదురుచూసిన అవకాశం అది, మిగిలిన సీజనంతా బాగానే ఆడాడు కూడా. ఆ కాలంలో అలాంటి మోకాలితో తిరిగొచ్చిన రన్నింగ్ బ్యాకులు చాలా అరుదు. ఇప్పటిలా చిన్న గాటుతో అయిపోయే ఆపరేషన్లు కావవి.

అయినా సేయర్స్‌ని లేవదీసింది ఆ పిక్కోలోనే. వ్యాయామం చేయించాడు, ఎగతాళి చేశాడు, కవ్వించాడు, దిగులుపడితే తిట్టాడు. సేయర్స్ కోలుకుంటే తను మళ్లీ బెంచీ మీదకి పోవాలి. అది తెలిసీ చేశాడు. నాన్నగారూ, పోటీలో ఉన్నవాడు గాయపడితే పరామర్శకి వెళ్లేవాళ్లని చాలామందిని చూశాను. రోజూ దగ్గరుండి వాణ్ణి తన స్థానంలోకి తిరిగి పరిగెత్తించినవాడి గురించి మాత్రం ఇదే వినడం. ఈ మొత్తం కథలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ కొద్ది నెలలే. తర్వాత వచ్చిన టీవీ సినిమా చూసి ఇక్కడివాళ్లు చివరి భాగానికి కన్నీళ్లు పెట్టుకుంటారు. నాకు మాత్రం ఈ మోకాలి దగ్గరే గొంతు పట్టేస్తుంది.

1969లో సేయర్స్ 1,032 గజాలు పరిగెత్తాడు. ఆ ఏడు లీగ్‌లో వెయ్యి దాటింది అతనొక్కడే. జట్టు మాత్రం 14 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్కటి గెలిచింది. పిక్కోలోకి సేయర్స్ పక్కనే ఫుల్‌బ్యాక్‌గా చోటు దొరికింది. అలా ఇద్దరూ కలిసి మైదానంలోకి దిగారు గానీ, ఎక్కువ కాలం కాదు. నవంబరు 16న అట్లాంటాలో మ్యాచ్. కొన్నాళ్లుగా పిక్కోలోకి దగ్గు. చివరి భాగంలో టచ్‌డౌన్ చేశాడు, ఆ తర్వాత ఊపిరాడక తనంతట తనే బయటికొచ్చేశాడు. ఆడే ఛాన్సు కోసం నాలుగేళ్లు కాచుకున్న మనిషి తనంతట తాను బయటికి రావడమేమిటని అందరికీ అనుమానం వచ్చింది. ఎక్స్‌రే తీస్తే ఛాతీలో పెద్ద గడ్డ. ఎంబ్రియోనల్ కార్సినోమా అనే రకం క్యాన్సర్.

న్యూయార్క్‌లోని స్లోన్ కెటరింగ్ ఆస్పత్రిలో ఆపరేషన్ మీద ఆపరేషన్ చేశారు. ఇంట్లో భార్య జాయ్, ముగ్గురు చిన్న ఆడపిల్లలు. 1970 మే నెలలో న్యూయార్క్‌లోనే ఒక విందులో ఫుట్‌బాల్ విలేఖరులు సేయర్స్‌కి అత్యంత ధైర్యశాలి అయిన ఆటగాడంటూ అవార్డు ఇచ్చారు. అతను లేచి, మీరు దీన్ని ఇవ్వాల్సిన మనిషి నేను కాదు, ధైర్యమంటే బ్రయాన్ పిక్కోలోది అన్నాడు. ఈ రాత్రికి ఇది నా దగ్గరుంటుంది, రేపు అతని దగ్గరికి వెళ్తుంది అన్నాడు. నేను బ్రయాన్ పిక్కోలోని ప్రేమిస్తున్నాను, మీరందరూ ప్రేమించాలి, ఈ రాత్రి మోకరిల్లినప్పుడు దేవుణ్ణి కూడా అతన్ని ప్రేమించమని అడగండి అని చెప్పి కూర్చున్నాడు. నాలుగు మాటలు మాట్లాడటానికి బిడియపడే మనిషి! 1970లో ఒక నల్లవాడు ఒక తెల్లవాడి గురించి, అందులోనూ ఇద్దరూ మగవాళ్లు, ఇలా నిండు సభలో చెప్పాడు.

జూన్ 16న పిక్కోలో చనిపోయాడు. 26 ఏళ్లు. శవపేటిక మోసినవాళ్లలో సేయర్స్ ఒకడు.

ఇక నా పనికి సంబంధించిన మాట. మా ఫార్మసీలో సిస్ప్లాటిన్ అనే కీమో మందు కలుపుతాం. చూడటానికి నీళ్లలాగే ఉంటుంది. ఎక్కువసేపు ఉంచాలంటే వెలుతురు తగలకుండా కప్పి ఉంచాలి, ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు, పెడితే పలుకులు కట్టి అడుగున పేరుకుంటుంది. అల్యూమినియం ఉన్న సూది తగిలితే చెడిపోతుంది. కిడ్నీలు దెబ్బతినకుండా పేషెంటుకి ముందూ వెనకా సెలైన్ ఎక్కిస్తారు. ప్లాటినం లోహంతో చేసిన మందు ఇది. మిచిగన్‌లో బార్నెట్ రోసెన్‌బర్గ్ అనే శాస్త్రజ్ఞుడు బ్యాక్టీరియా మీద కరెంటు ప్రయోగాలు చేస్తూ, ప్లాటినం కడ్డీల దగ్గర కణాలు చీలడం ఆగిపోతోందని గమనించాడు. ఆ సంగతి అచ్చయింది ఎప్పుడో తెలుసా? 1965లో. ఈ ఇద్దరూ బేర్స్‌లో చేరిన ఏడే. దాన్ని మిగతా మందులతో కలిపి, పిక్కోలోకి వచ్చిన కుటుంబానికే చెందిన క్యాన్సర్ల మీద మా పక్క రాష్ట్రం ఇండియానాలో లారెన్స్ ఐన్‌హార్న్ అనే డాక్టరు వాడింది 1974లో. పిక్కోలో పోయిన నాలుగేళ్లకి. ప్రభుత్వ అనుమతి 1978లో వచ్చింది.

ఇప్పుడు వృషణాల్లో పుట్టే ఆ రకం క్యాన్సర్ పదిమందిలో తొమ్మిదిమందికి పైగా నయమైపోతుంది. ఛాతీలో పుట్టేది ఇప్పటికీ మొండిదే, అయినా చాలామంది బతికి బయటపడుతున్నారు. లేబుల్ మీద ఇరవయ్యో ఇరవై అయిదో వయసు కనిపించినప్పుడల్లా నాకు పిక్కోలో గుర్తొస్తాడు. సంచీ ఒకటికి రెండుసార్లు వెలుతురులో పెట్టి చూసి గానీ పైకి పంపను. అతని పేరుతో పెట్టిన నిధి ఇప్పటికీ క్యాన్సర్ పరిశోధనకి డబ్బు ఇస్తోంది. అతని 41 నంబరు జెర్సీ బేర్స్‌లో ఇంకెవరికీ ఇవ్వరు, సేయర్స్ 40 నంబరూ అంతే. సేయర్స్‌కి చివర్లో మతిమరుపు జబ్బు వచ్చింది, 2020 సెప్టెంబరులో పోయాడు.

ఒక పని చెప్తాను, చెయ్యాలి. అమ్మ మోకాలి ఆపరేషన్ తర్వాత వ్యాయామం మానేసిందని తమ్ముడు చెప్పాడు. నొప్పిగా ఉందంటే పోనీలే అని వదిలెయ్యకండి. రోజూ పొద్దున్నా సాయంత్రమూ మీరే పక్కన నిలబడి లెక్కపెట్టండి, బడిలో పిల్లల చేత చేయించినట్టు. తిడితే తిట్టనివ్వండి. ముందు కాలు పూర్తిగా చాపగలుగుతోందో లేదో చూసి నాకు రాయండి.

మీ బీపీ మాత్రలు అయిపోకముందే తెప్పించుకోండి.

మీ పెద్దమ్మాయి