మోటారు మార్చకు, ముందు విడదీసి చూడు

బర్మింగ్‌హామ్,
ఆదివారం రాత్రి

ఒరే శీనూ,

నీ అంబాసిడర్ వైపర్లు సగంలో ఆగిపోతున్నాయని, మోటారు మార్చేయమంటున్నారని రాశావు కదా. తొందరపడకు. పోయిన వారం నా 1972 ఎంజీబీ స్పోర్ట్స్ కారుకీ అచ్చం ఇదే జరిగింది. జోరువానలో వైపర్లు మెట్లెక్కే ముసలాయనలా ఆయాసపడి, అద్దం మధ్యలో ఆగిపోయాయి. ఎంత టెన్షన్ పడ్డానో! గ్యారేజీలో అడిగితే బానెట్ కూడా ఎత్తకుండానే మోటారు కాలిపోయిందన్నారు. నాకు మనసొప్పక ఇంటికి తెచ్చుకున్నాను.

ఇండికేటర్లు, బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయి. వైపర్లదీ అదే ఫ్యూజ్, కాబట్టి అది బాగానే ఉన్నట్టు. తర్వాత మోటారు ప్లగ్గు దగ్గర వోల్టేజీ చూశాను. ఇది వైపర్ ఆన్ చేసే చూడాలిరా. ఆఫ్‌లో ఉంటే తుప్పు పట్టిన కనెక్షన్ కూడా దర్జాగా 12 వోల్టులు చూపిస్తుంది. ఎర్త్ వైరు కూడా గీకి బిగించాను. అయినా అదే నీరసం.

అప్పుడు మోటారుని రాక్ కేబుల్ (మోటారు ఊపుని వైపర్లకి చేర్చే పళ్ల కేబుల్) నుంచి విడదీసి, ఒట్టిదాన్నే తిప్పాను. నాది లూకాస్ కంపెనీ 14డబ్ల్యూ రకం మోటారు. లోడ్ లేకుండా, స్లో స్పీడులో 1.5 ఆంపియర్లు లాగి, నిమిషానికి 46 నుంచి 52 చుట్లు తిరగాలి. సరిగ్గా అలాగే, హాయిగా తిరిగింది! కేబుల్ తగిలించగానే నాలుగు ఆంపియర్లు దాటింది. అంటే లోపం మోటారుది కాదు, కేబుల్ వైపుదే. పాపం, ఇన్నాళ్లూ మోటారునే తిట్టుకున్నాను.

డాష్‌బోర్డు వెనక గొట్టంలోంచి కేబుల్ లాగితే, పాత గ్రీజు ఎండిన బెల్లంపాకంలా గట్టిగా అంటుకుని వచ్చింది. కిరోసిన్‌తో గంటసేపు కడిగి కొత్త గ్రీజు పూశాను. వైపర్ చేతుల కింద వీల్‌బాక్సుల్లో చిన్న పళ్లచక్రాలుంటాయి. అవి పూర్తిగా తిరగవు, అటూ ఇటూ ఊగుతాయంతే. అందుకే ఒక పక్క పళ్లే అరిగిపోయాయి. సగం చుట్టు తిప్పి పెడితే కొత్త పళ్లు పనిలోకి వచ్చాయి. ఆ కిటుకు దొరికినప్పుడు భలే సంతోషమేసింది!

ఒకవేళ మోటారే విప్పాల్సి వస్తే, బయటి డొప్ప మీద గుర్తు చూసుకుని మళ్లీ అలాగే బిగించు. లోపలున్నవి అయస్కాంతాలు, డొప్ప తిరగబడితే నా రకం మోటారు వెనక్కి తిరుగుతుంది.

నీ బండిలో కేబులైనా కడ్డీలైనా సరే, ముందు మోటారుని విడదీసి తిప్పి చూడు. ఎన్ని ఆంపియర్లు లాగిందో వెంటనే రాయి. అక్కడ వానలు మొదలయ్యేలోపు అయిపోవాలి.

నీ,
రాంబాబు