చిన్న మట్టికట్టల కింద ఎవరున్నారో ముందు చూడండి

జలవనరుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. పెద్ద జలాశయాలకు ఇంజనీర్లున్నారు, కాపలా ఉంది, వరద వస్తే గేట్లు ఎప్పుడు ఎత్తాలో రాసిపెట్టిన పద్ధతి ఉంది. నేను రాస్తున్నది వాటి గురించి కాదు. పొలానికి నీళ్ల కోసమో, చేపల పెంపకానికో ఎవరికి వారు వాగుకు అడ్డంగా పోసుకున్న చిన్న మట్టికట్టల గురించి. కట్ట యజమానిది, నీళ్లూ యజమానివే. గండి పడితే కొట్టుకుపోయేది మాత్రం దిగువన ఉన్నవాళ్ల ఇళ్లు.

చట్టాలు కట్టను ఎత్తుతోనో, నిల్వతోనో కొలుస్తాయి. భారతదేశంలో 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లు దాటినవాటికి వర్తిస్తుంది. 10 నుంచి 15 మీటర్ల మధ్యవి కొన్ని షరతులకు లోబడి అందులోకి వస్తాయి. ఇంగ్లండ్‌లో 25,000 ఘనపు మీటర్ల నిల్వ దగ్గర గీత గీశారు. ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు, ఒప్పుకుంటాను. కానీ 1982 జూలై 15న అమెరికాలోని కొలరాడోలో తెగిన లాన్ లేక్ కట్ట ఎత్తు సుమారు 8 మీటర్లే. అది రైతుల సాగునీటి కంపెనీది. నీరు వదిలే తూము గొట్టానికి, వాల్వుకు మధ్య అతుకులో నింపిన సీసం పాడైంది. అక్కడ కారిన నీరు మట్టిని లోలోపలే కోసుకుంటూ పోయింది. ముగ్గురు చనిపోయారు. 1977 నవంబరు 6న అమెరికాలోనే జార్జియా రాష్ట్రంలో కెల్లీ బార్న్స్ కట్ట తెగి 39 మంది చనిపోయారు. దాని ఎత్తు 12 మీటర్లకు అటూఇటూ. 2018 మే 9న కెన్యాలోని సొలాయ్‌లో ఒక ప్రైవేటు వ్యవసాయ క్షేత్రంలోని కట్ట తెగి 40 మందికి పైగా ప్రాణాలు పోయాయి.

అందుకే తెగితే నీళ్లు ఎవరి మీదికి పోతాయో చూసి ఆ తర్వాత ఎత్తు కొలవమని కోరుతున్నాను. ఈ లెక్క ఒకసారి వేసి వదిలేసేది కాదు. కట్ట వేసిననాడు కింద బీడు ఉండవచ్చు. తర్వాత రోడ్డు వస్తుంది, ఇళ్లు వస్తాయి, బడి వస్తుంది. కట్ట అంగుళం పెరగకపోయినా ప్రమాదం పెరుగుతుంది. ఇంటికి అనుమతి ఇచ్చేవారు ఎగువన ఏముందో చూడరు. కట్ట యజమానికి దిగువ సంగతి ఎవరూ చెప్పరు.

ఇక నిర్వహణ. మట్టికట్ట ఒక్కరోజులో పాడవదు, ముందే చెబుతుంది. బయటి వాలు కింద, కట్ట పాదం దగ్గర ఎప్పుడూ తడి ఉండే చోటుకు వెళ్లి, కారే నీటిని గాజు సీసాలో పట్టి కాసేపు కదలకుండా ఉంచితే చాలు. తేటగా ఉంటే అది ఊట. దాని మీద కన్నేసి ఉంచాలి, ఎంత కారుతోందో కొలిచి రాసుకోవాలి. సీసా అడుగున మట్టి పేరుకుంటే కట్ట లోపలి నుంచి కరిగి వస్తోందన్నమాట, బుంగ పడుతోంది. అప్పుడు చాలామంది చేసే పని బంకమట్టి తెచ్చి ఆ చోటును గట్టిగా మూసేయడం. అది చేయకూడదు. ఒకచోట మూస్తే లోపల ఒత్తిడి పెరిగి నీరు మరోచోట దారి చేసుకుంటుంది. ముందు ఇసుక, దాని మీద కంకర పరిస్తే నీరు బయటికి వస్తుంది, మట్టి ఆగుతుంది. వెంటనే ఇంజనీరును పిలవాలి, చెరువులో నీటి మట్టం తగ్గించాలి. అదీ మెల్లగా. ఒక్కసారిగా దించితే, నీరు తాగి బరువెక్కిన లోపలి వాలు జారిపోతుంది. ఇంత చిన్న జ్ఞానం కట్ట ఉన్న ప్రతి ఇంటికీ చేరలేదంటే ఆ లోపం శాఖదేనని నా నమ్మకం.

కట్ట మీది చెట్ల విషయమూ ఇంతే. మొక్కగా ఉన్నప్పుడే పీకేస్తే ఏ చిక్కూ లేదు. మానయ్యాక నరికి మొద్దు వదిలేస్తే వేళ్లు కుళ్లి, అవి ఉన్న దారంతా నీటికి సొరంగమవుతుంది.

చెరువు నిండాక మిగులు నీరు పోయే అలుగు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. నీరు మీదుగా పొర్లితే మట్టికట్ట నిలవదు. కట్ట నడుమ కుంగి అడుగు లోతు పల్లం పడినా వరద అక్కడే పొర్లి కోసేస్తుంది. అయినా ఇంకొన్ని నీళ్లు నిలుస్తాయని అలుగుకు అడ్డంగా బస్తాలు పేర్చేవారున్నారు, చేపలు పోకుండా వల కట్టేవారున్నారు. 1889 మే 31న అమెరికాలోని పెన్సిల్వేనియాలో తెగిన సౌత్ ఫోర్క్ కట్ట ఒక ప్రైవేటు క్లబ్బుది. చేపలు పోకుండా దాని అలుగుకు జల్లెడలు బిగించారు, వాటికి చెత్త పట్టింది. నీరు దించే గొట్టాలను అంతకు ముందే తీసేశారు. 2,209 మంది చనిపోయారు.

యజమానులను దోషులుగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. ఊట కనబడిందని చెబితే నోటీసు వస్తుంది, ఖర్చంతా నెత్తిన పడుతుంది అని భయపడేవాడు చెప్పడు, గడ్డి కప్పి ఊరుకుంటాడు. తానే వచ్చి చెప్పిన యజమానికి జరిమానా ఉండకూడదు. మొదటి పరిశీలన ఉచితంగా జరగాలి, మరమ్మతుకు తక్కువ వడ్డీకి అప్పు దొరకాలి. కట్ట ఇక వద్దనుకునేవారికి నీళ్లు దించి, పద్ధతిగా గండి కొట్టి మూసివేసే దారి చూపాలి. చెప్పినా పట్టించుకోని వారిపై చర్య తీసుకోండి, నేనే సమర్థిస్తాను.

అసలు యజమాని ఎవరో తెలియని కట్టలు ఇంకా ప్రమాదం. పెద్దాయన పోతారు, భూమి పంచుకుంటారు. తూము ఒకరి వాటాలోకి, అలుగు మరొకరి వాటాలోకి పోతాయి, కట్ట ఎవరిదీ కాకుండా పోతుంది. భూమి చేతులు మారినప్పుడల్లా కట్ట బాధ్యత ఎవరిదో దస్తావేజులోనే రాయించండి.

చట్టం మార్చడానికి సమయం పడుతుందని తెలుసు. ఈలోగా ఒక ఉత్తర్వు చాలు. వానలు మొదలయ్యేలోపు, దిగువన ఇళ్లున్న ప్రతి ప్రైవేటు కట్టనూ ఒక ఇంజనీరు ఒక్కసారి నడిచి చూడాలి. కట్ట తల, అలుగు, తూము, బయటి వాలు ఎలా ఉన్నాయో ఒక కాగితం మీద రాయాలి. దాని నకలు యజమానికి, మరొకటి కింద నివసించేవారికి ఇవ్వాలి. తేడా కనబడితే రాత్రయినా ఎవరికి ఫోను చేయాలో ఆ కాగితం మీదే ఉండాలి.

ఇట్లు,
చిన్న కట్టల మరమ్మతులు చూసే ఒక పౌరుడు