అవి పిచ్చిమొక్కలు కావు

సంపాదకుడు గారికి,

నగరంలో సీతాకోకచిలుకలు తగ్గిపోతున్నాయని ఆమధ్య మీ పత్రికలో వార్త వచ్చింది. పది రోజులుగా రాద్దామనుకుంటూనే ఉన్నాను. నిన్న మా కాలనీ పార్కులో జరిగింది చూశాక ఇక ఆగలేకపోయాను.

పార్కు వెనక గోడ వెంట నాలుగు జిల్లేడు పొదలుండేవి. ఆకు తిప్పి చూస్తే నలుపు, తెలుపు, పసుపు చారల గొంగళిపురుగులు. నారింజ రంగు రెక్కల ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుకలు అయ్యేది అవే. మా మనవరాలు స్కూలు నుంచి రాగానే వెళ్లి వాటిని లెక్కపెట్టేది. నిన్న పొద్దున్నే పిచ్చిమొక్కలు తీసేస్తున్నామంటూ అన్నీ నరికి ట్రాక్టర్‌కెత్తారు. పురుగులు ఆకులను పట్టుకునే ఉన్నాయి. అడిగితే "పైనుంచి ఆర్డర్ అమ్మా" అన్నారు. ఆ పైవాళ్లు ఫోన్ ఎత్తరు.

పార్కు నిండా పూలున్నాయి కదా అంటారు. తేనె తాగేది రెక్కలొచ్చాక. అంతకుముందు ఆకు కావాలి, అదీ ఏ ఆకు పడితే అది ముట్టవు. మా కుండీలో కరివేపాకు మీద నిమ్మ సీతాకోకచిలుక పిల్ల మొదట పిట్టరెట్టలా కనిపిస్తుంది, పెద్దయ్యాక పచ్చబడుతుంది. వేలు తగిలితే తల వెనక నుంచి రెండు పాయల కొమ్ము బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. తంగేడు, రేల ఆకులు తినేవి వేరు. కొన్నిటికి ఈశ్వరి తీగే దిక్కు. తంగేడు మన రాష్ట్ర పుష్పం, మా చుట్టుపక్కల పార్కుల్లో ఒక్క మొక్క చూపించమనండి! ఎక్కడ చూసినా లాన్ గడ్డి, కత్తిరించిన కంచె మొక్కలు, సాయంత్రమైతే దోమల పొగ. ఇళ్ల వెనక పెరళ్లు పోయి పార్కింగులొచ్చాయి, ఖాళీ జాగాలన్నీ అపార్ట్‌మెంట్లయ్యాయి. ఇక అవి గుడ్లెక్కడ పెట్టాలి?

కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టడం ఆపడానికి 2025లో సుప్రీంకోర్టే కలగజేసుకోవాల్సి వచ్చింది. ప్రతి కాలనీ పార్కు కోసం మేం కోర్టుకెక్కగలమా? పార్కులు చూసే అధికారులకు ఏ మొక్క మీద ఏది బతుకుతుందో కాస్తయినా తెలియాలి. తెలియకపోతే అడగాలి, చెప్పడానికి వృక్షశాస్త్రం చదివినవాళ్లు ఈ ఊళ్లో ఎంతోమంది ఉన్నారు.

ఈ వానాకాలం నాటే మొక్కల్లో తంగేడు, రేల, కరివేపాకు ఉండేలా చూడండి. పార్కుకో మూల కత్తెర పెట్టకుండా వదలండి. మా పార్కులో జిల్లేడు మొదళ్లు ఇంకా భూమిలోనే ఉన్నాయి, నాలుగు వానలు పడితే చిగురిస్తాయి. ఈసారి వాటి జోలికి రావద్దని మనవి.

ఒక పాఠకురాలు,
కూకట్‌పల్లి, హైదరాబాద్