అగ్నిబాణం ముక్క, మూడు మీటర్ల ముగ్గు

రాజురా,
2022 మే 8, ఆదివారం.

ప్రియమైన మిత్రమా,

సంక్రాంతికి నువ్వు రాసిన ఉత్తరానికి మే నెలలో జవాబు రాస్తున్నాను, ముందుగా క్షమించు. అమ్మ కంటి ఆపరేషన్ బాగా జరిగింది, చిన్నవాడు సైకిలు నేర్చుకున్నాడు, ఎండ 45 డిగ్రీలు దాటి మా బోరు అడుగంటింది. ఇంటి వార్తలు ఇంతే. అసలు చెప్పవలసింది ఉగాది రాత్రి సంగతి. ఫోనులో రెండుసార్లు మొదలుపెట్టి, ఒకసారి నువ్వు బస్సులో ఉండడం వల్ల, ఇంకొకసారి మాట తెగిపోవడం వల్ల ఆపేశాను. దాన్ని ముక్కలుగా చెప్పడం ఇష్టం లేక కాగితం మీద పెడుతున్నాను.

ఆ రోజు ఏప్రిల్ 2, శుభకృత్ నామ సంవత్సరాది. మనకు ఉగాది, పక్కింటి మరాఠీవాళ్లకు గుడీపాడ్వా ఒకే రోజు వస్తాయి కాబట్టి మా వీధిలో ఒక గడపకు మామిడి తోరణం, పక్క గడపకు కర్రకు పట్టుబట్ట చుట్టి పైన చెంబు బోర్లించిన గుడీ ఉండడం నువ్వు చిన్నప్పటి నుంచి చూసినదే. ఆలయంలో పంచాంగ శ్రవణం ముగించుకొని వచ్చి, ఉక్క భరించలేక అందరం డాబా మీద కూర్చున్నాం. రాత్రి 7.45 ప్రాంతంలో ఉత్తరపు ఆకాశంలో పడమటి నుంచి తూర్పుకు నిప్పుల వరుస ఒకటి సాగిపోయింది. ముందు ఒక పెద్ద కణిక, దాని వెనుక ఏడెనిమిది చిన్నవి, పెళ్లి ఊరేగింపులో దీపాలు పట్టుకున్నవాళ్ల మాదిరిగా ఒకదాన్నొకటి దాటకుండా, తొందర లేకుండా నడిచాయి. మాకు చప్పుడేమీ వినబడలేదు. అమ్మ చేతులు జోడించింది. పెద్దమ్మాయి మాత్రం ఫోను పైకెత్తి, చివరి కణిక ఆరిపోయేవరకు పట్టి ఉంచింది. ఆ వీడియో నిడివి 41 సెకన్లు. ఈ అంకె గుర్తుంచుకో, మళ్లీ అవసరం పడుతుంది.

గంటన్నర గడిచేసరికి ఫొటోలు రావడం మొదలైంది. మన చంద్రపూర్ జిల్లాలోనే సిందేవాహి తాలూకా లాడ్‌బోరీ గ్రామంలో, ఇళ్ల పక్కన ఖాళీ స్థలంలో, కమిలిన పెద్ద లోహపు వలయం ఒకటి పడింది. ఆ ఊరివాళ్లు సామూహిక భోజనానికి వంటలు చేసుకుంటున్న సమయమట. ఎవరికీ దెబ్బ తగలలేదు. ఆ వార్త చదివిన ప్రతిసారీ, పది ఇళ్ల అవతల పడి ఉంటే ఏమయ్యేదో అని నా ఆలోచన సగంలోనే ఆగిపోతుంది.

ఇక మా బంధువుల వాట్సాప్ గ్రూపు సంగతి. రాజురా, బల్లార్‌పూర్, సిరోంచ, మంచిర్యాల, హన్మకొండ, ఇన్ని ఊళ్లవాళ్లం అందులో ఉన్నామని నీకు తెలుసు. మొదట అందరూ ఉల్క అన్నారు. ఆ మాట మరాఠీలోనూ తెలుగులోనూ ఒకటే కాబట్టి ఏ చిక్కూ రాలేదు. చిక్కంతా రెండో మాటతో వచ్చింది. మా పక్కింటి కాకా ఫొటో చూసి "అగ్నిబాణాచా తుకడా" అన్నారు. మరాఠీలో అగ్నిబాణం అంటే రాకెట్టు. ఆయన అన్నది అక్షరాలా సరైన మాట. ఆ మాటను మా తమ్ముడు ఉన్నదున్నట్టుగా తెలుగు అక్షరాల్లో గ్రూపులో పెట్టాడు. మంచిర్యాలలో చదివినవాళ్లకు అగ్నిబాణం అంటే ఏమి స్ఫురిస్తుంది చెప్పు? అది కాస్తా "అగ్ని క్షిపణి ముక్క" అయింది. అంతకు మూడు వారాల ముందే, మార్చి 9న, మన క్షిపణి ఒకటి పొరపాటున వెళ్లి పాకిస్తాన్‌లో పడింది. ఉక్రెయిన్ యుద్ధం ప్రతి ఇంట్లో టీవీలో నడుస్తోంది. కాబట్టి ఎవరూ ఆగి ఆలోచించలేదు. పది గంటలకల్లా "బదులుగా వాళ్లు వేశారు" అన్న వాక్యం వచ్చి చేరింది. అది ఎవరి చేతి నుంచి వచ్చిందో నేను ఇప్పటికీ వెతకలేదు, వెతకదలచుకోలేదు. సిరోంచ అత్తయ్య ఏడుస్తూ ఫోను చేసింది. ఆమె చిన్న కొడుకు సైన్యంలో ఉన్నాడు కదా.

ఆ ఏడుపు విన్న తరువాత నేను చేసిన పని చెబుతాను. నిజం ఏమిటో వెంటనే చెప్పి అందరినీ నిమ్మళపరచాలనుకున్నాను. ఆ సాయంత్రమే మన కాలమానం ప్రకారం 6.11కి న్యూజిలాండ్‌లోని మాహియా ద్వీపకల్పం నుంచి ఎలక్ట్రాన్ అనే రాకెట్టు రెండు ఉపగ్రహాలతో ఎగిరింది. అది నిజం. ఆకాశంలో వెలుగు కనబడింది దాని తరువాత గంటన్నరకు. అదీ నిజం. ఈ రెంటినీ ముడిపెట్టి ఒక వార్త తిరుగుతోంది. నేను దాన్ని గ్రూపులో పెట్టి, కింద "సందేహం లేదు, ఇది న్యూజిలాండ్ రాకెట్టు, యుద్ధం కాదు" అని రాశాను. నువ్వు పక్కన ఉండి ఉంటే దాని మీద ఒక మామిడాకు అంటించి ఉండేవాడివి. ఆ ఆకు ఎందుకో నీకు, నాకు, మన లెక్కల మాస్టారికి తప్ప ఎవరికీ తెలియదు. అత్తయ్య ఊరట పడింది. అందరూ నమస్కారాలు పెట్టారు. నేను హాయిగా నిద్రపోయాను.

మర్నాడు ఉదయం అమ్మాయి నా పక్కన కూర్చొని, "నాన్నా, ఎలక్ట్రాన్ ఎంత లావు ఉంటుంది?" అని అడిగింది. చూసి చెప్పాను. దాని అడ్డుకొలత 1.2 మీటర్లు. పడిన వలయం ఎంత అని అడిగింది. వార్తల్లో దాదాపు మూడు మీటర్లని ఉంది. తను ఇంకేమీ అనకుండా మేకు, పురికొస, ముగ్గుపిండి డబ్బా పట్టుకొని డాబా ఎక్కింది. పండుగకు పెద్ద రథం ముగ్గు వేసేటప్పుడు వాళ్ల నానమ్మ చేసినట్టే మధ్యలో మేకు నిలిపి, పురికొసను 60 సెంటీమీటర్లకు పట్టి ఒక వృత్తం, మీటరున్నరకు వదిలి ఇంకొక వృత్తం గీసింది. లోపలి దానిలో తను, తమ్ముడు ఇరుక్కొని నిలబడ్డారు. వెలుపలి దానిలో ఇంటిల్లిపాదీ భోజనానికి కూర్చోవచ్చు. ఫొటోలో ఊరివాళ్లు ఆ వలయం చుట్టూ నిలబడిన తీరు నా కళ్ల ముందే ఉంది. అంత చిన్న రాకెట్టులో అంత పెద్ద వలయం ఎక్కడ పడుతుంది? పైగా ఎలక్ట్రాన్ ఒళ్లంతా కార్బన్ నారతో చేసినది. పడింది లోహం. ఆ తెల్లని గీతల పక్కన ఎంతసేపు నిలుచున్నానో తెలియదు. ముందు సిగ్గు కలిగింది, ఆ వెంటనే చెప్పలేనంత సంతోషం కలిగింది. నువ్వు చూసి తీరవలసిన దృశ్యమది, నిజంగా.

ఆ తరువాత ఇద్దరం కలిసి వెతికాం. అమెరికాలో హార్వర్డ్-స్మిత్‌సోనియన్ ఖగోళ కేంద్రంలో పనిచేసే జొనాథన్ మెక్‌డోవెల్, ఆకాశంలోకి పంపిన ప్రతి వస్తువు లెక్కా రాసిపెట్టే శాస్త్రవేత్త, ఇది 2021 ఫిబ్రవరిలో చైనా ప్రయోగించిన లాంగ్ మార్చ్ 3బీ రాకెట్టు మూడో దశ, అంటే చివరగా మండే పై భాగం, కావచ్చని చెప్పారు. ఆ మూడో దశ అడ్డుకొలత మూడు మీటర్లు, అంటే మా వెలుపలి ముగ్గు అంత. అమ్మాయి ఆ అంకె చూసి కేక పెట్టింది.

ఏడాదికి పైగా పైన ఉన్నది ఇప్పుడే ఎందుకు పడింది అని నువ్వు అడుగుతావని తెలుసు, నేనూ అదే అడిగాను. ఇలాంటి రాకెట్టు ఉపగ్రహాన్ని చాలా సాగిన కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో వదులుతుంది. ఖాళీ అయిన చివరి దశ కూడా అదే దారిలో తిరుగుతూ ఉంటుంది. ఒక కొసన భూమికి వేల కిలోమీటర్ల దూరం పోతుంది, రెండో కొసన భూమికి దగ్గరగా వచ్చి, పలుచని గాలిని ఒరుసుకుంటుంది. ఊపడం మానేసిన ఉయ్యాల ఒక్కొక్క ఊపుకూ ఎత్తు తగ్గినట్టు, దాని దూరపు కొస తగ్గుతూ తగ్గుతూ వచ్చి ఒక రోజు గాలిలోనే చిక్కుకుంటుంది. ఆ 41 సెకన్లు కూడా ఇక్కడ సాక్ష్యమే. ఉల్కలు సెకనుకు 11 నుంచి 72 కిలోమీటర్ల వేగంతో వస్తాయి, చాలావాటిది ఒకటి రెండు సెకన్ల మెరుపు. కక్ష్య నుంచి జారిన వస్తువు వేగం సాధారణంగా సెకనుకు 8 కిలోమీటర్లకు మించదు, దాదాపు అడ్డంగా సాగుతుంది, విరిగిన ముక్కలు ఒకే దారిలో వరుసగా నడుస్తాయి. మేము చూసిన ఊరేగింపు అదే.

ఇక అసలు వాదం మొదలైంది. నా పాత సందేశాన్ని ఏమి చేయాలి? తొలగించి కొత్తది పెట్టు, ఎవరు గమనిస్తారు, అన్నాడు బావ. యుద్ధం కాదన్న మాట సరైనదే కదా, ఏ దేశపు రాకెట్టు అయితే అత్తయ్యకేమిటి, అని కూడా అన్నాడు. అతని మాటలో ప్రేమ ఉంది, నేను కాదనను. కానీ నేను ఒప్పుకోలేదు. ఆమె నమ్మింది రాకెట్టును కాదు, నా "సందేహం లేదు" అన్న మాటను. కాబట్టి పాత సందేశాన్ని అలాగే ఉంచి, దాని కిందనే నేను ఎక్కడ పొరబడ్డానో, ముగ్గు ఫొటోతో సహా రాశాను. కాకా మాటకు సరైన అర్థం కూడా రాశాను, ఎందుకంటే ఆయన పేరు మీద ఒక అబద్ధం తిరగడం నాకు సహించలేదు. చైనా అనగానే మళ్లీ కొందరు ఆవేశపడ్డారు. ఇది మన మీద గురిపెట్టినది కాదని, అదుపు లేకుండా పడే ఖాళీ దశ ఏ దేశం మీదనైనా పడవచ్చునని చెప్పడానికి మరో పూట పట్టింది.

ఆ రాత్రి పెదనాన్న ఒక వాయిస్ సందేశం పెట్టారు. ఆయన ఎన్నడూ ఏమీ పెట్టరు. 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందని రేడియోలో విన్నప్పుడు ఆయన ఊరిలో మేకలనూ కోళ్లనూ కోసుకు తిన్నారని, వాళ్లమ్మ గుడ్లు పెట్టే రెండు పెట్టలనూ కోసి పిల్లలకు పెట్టి, తను ఒక్క ముక్క ముట్టలేదని చెప్పారు. డెబ్బై టన్నులకు పైగా బరువున్న ఆ వస్తువు చివరకు జూలైలో హిందూ మహాసముద్రంలోనూ పశ్చిమ ఆస్ట్రేలియాలోనూ పడింది. పెట్టలు పోయిన మరునాటి నుంచి ఇంట్లో గుడ్లు లేవు. "ఎక్కడ పడుతుందో వాళ్లకే తెలియదని రేడియో చెప్పింది, మేము మాత్రం మా ఊరి మీదనే అనుకున్నాం" అని ఆయన ఆగిపోయారు. అమ్మ వంటింట్లో నిలబడి వింటూ కళ్లు తుడుచుకుంది, డాక్టరు వద్దన్నా సరే. ఆ పెట్టల గురించి ఆయన నలభై మూడేళ్లుగా ఎవరికీ చెప్పలేదు మిత్రమా.

నాకు మిగిలిన బాధ ఒక్కటే. 1972 నాటి అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం పైనుంచి పడిన వస్తువు నేల మీద నష్టం కలిగిస్తే ప్రయోగించిన దేశమే పూర్తి బాధ్యత వహించాలి. 1978లో అణు ఇంధనంతో పనిచేసే సోవియట్ ఉపగ్రహం కాస్మాస్ 954 కెనడాలో పడితే, కెనడా 60 లక్షల డాలర్లకు పైగా అడిగింది, చివరకు 30 లక్షలు అందాయి. నష్టం జరిగాక లెక్క కట్టడానికి ఒప్పందం ఉంది. కానీ వంటలు చేసుకుంటున్న ఊరికి ముందుగా ఒక మాట చెప్పేవాళ్లు ఎవరు? కాలిపోకుండా కిందికి రాగల దశలను, కొంత ఇంధనం మిగిల్చుకొని, సముద్రంలో పడేటట్టు దించడం ఈనాడు సాధ్యమే. చేసేవాళ్లు చేస్తున్నారు. అందరూ చేయాలని నువ్వు, నేను అడగాలి. దీని మీద మన పాత గోడపత్రిక పద్ధతిలో, ఒక వైపు మరాఠీ, ఒక వైపు తెలుగు, పిల్లల చేత ఒక పెద్ద కాగితం రాయించాలని అనుకుంటున్నాను. అగ్నిబాణం అన్న మాటకు రెండు వైపులా అర్థం అందులో మొదటి పంక్తి. బొమ్మలు నువ్వు వేయాలి. గోడ గడియారం బొమ్మ మాత్రం వద్దు, కారణం నీకు తెలుసు.

అన్నట్టు లాడ్‌బోరీ చుట్టుపక్కల ఊళ్లలో దొరికిన లోహపు గోళాల సంగతి ఇంకా రాయలేదు. ఒక్కొక్కటి అర మీటరు ఉంటుంది, రాకెట్టులో అధిక పీడనంతో వాయువును నింపి ఉంచేవట. ఇస్రో శాస్త్రవేత్తలు వచ్చి వాటిని పరిశీలించారు. అంత ఎత్తు నుంచి పడినా అవి పగలకపోవడానికి కారణం ఏమిటంటే, కానీ బావ బల్లార్షా స్టేషనుకు బయలుదేరుతూ గేటు దగ్గర పిలుస్తున్నాడు. ఈ కవరు హన్మకొండలో నీ చేతికి అతనే ఇస్తాడు. గోళాల సంగతి వచ్చే ఉత్తరంలో. ముగ్గు ఫొటో లోపల పెట్టాను.

నీ
మూడో బెంచీవాడు